రొమ్ము ఎముకను వేళ్లతో తడిమి నేర్చుకోవడం ఎలా: గొంతు గుంట నుంచి జిఫాయిడ్ కొన వరకు

బొమ్మలో అయితే రొమ్ము ఎముక మూడు భాగాల పేర్లూ గడగడా చెప్పేస్తారు. మనిషి ఛాతీ మీద చూపించమంటే మాత్రం వేలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతారు. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఎంబీబీఎస్ మొదటి ఏడాది వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: రొమ్ము ఎముకను పరీక్ష కోసం కాకుండా, పనికొచ్చేలా నేర్చుకోవడం ఎలా? ఫస్ట్ ఎయిడ్ నేర్చుకునేవాళ్లకూ, మనిషి బొమ్మలు గీసేవాళ్లకూ కూడా ఇక్కడ చెప్పే వరసే సరిపోతుంది.

నా సలహా ఒక్కటే. ముందు వేళ్లు, తర్వాత పేర్లు. ఈ ఎముక ముందు భాగం దాదాపు పొడవంతా చర్మం కిందే ఉంటుంది కాబట్టి మీ ఒంటి మీదే నేర్చుకోవచ్చు. మొదటిసారి తీరిగ్గా ఒక అరగంట కేటాయించండి. మెట్ల వరస మాత్రం మార్చకండి. ఒక గుర్తు దొరికితేనే తర్వాతి గుర్తు దొరుకుతుంది.

1. మొదలుపెట్టే ముందు

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- చర్మం మీద గీసి కడిగేసుకోగలిగే పెన్సిల్ లేదా స్కెచ్ పెన్
- బట్టలు కొలిచే మెత్తటి టేపు
- ఛాతీ మొత్తం కనిపించే అద్దం
- ఒక పక్క నుంచి పడే వెలుతురు. ఎదురుగా పడే వెలుతురులో గట్లు, గుంటలు కనిపించవు

మొదటిసారి వెల్లకిలా పడుకుని, తల కింద పల్చటి దిండు పెట్టుకుని చేయండి. భుజాలు వదులుగా ఉంటే ఛాతీ కండరాలు బిగుసుకోవు. రెండోసారి కూర్చుని, మూడోసారి నిలబడి చేస్తే భంగిమతో ఏం మారుతుందో తెలుస్తుంది.

గోళ్లు కత్తిరించుకోండి. వేలి కొనతో పొడవకండి, వేలి మెత్తతో తడమండి. కింద ఉన్నది ఎముకా మృదులాస్థా (ఎముకంత గట్టిగా ఉండకుండా కొంచెం వంగే కార్టిలేజ్) తెలియడానికి కొంచెం ఒత్తిడి చాలు. గట్టిగా నొక్కితే నొప్పి తప్ప కొత్తగా ఏమీ తెలియదు.

ఇంకొకరి మీద నేర్చుకుంటుంటే ముందే అడగండి. ఎక్కడెక్కడ చెయ్యి పెడతారో చెప్పి, వాళ్లు సరేనన్న తర్వాతే మొదలుపెట్టండి. అవతలి వ్యక్తి ఆడవాళ్లయితే కింది పక్కటెముకల లెక్క వాళ్ల వేళ్లతోనే చేయించి మీరు పక్కన ఉండి చెప్పడం మంచిది.

వీళ్లు మాత్రం ఇది చేయకూడదు: ఈమధ్య గుండె ఆపరేషన్ అయినవాళ్లు, ఛాతీకి దెబ్బ తగిలినవాళ్లు, ఎముకలు బాగా పెళుసుబారిన జబ్బు ఉన్నవాళ్లు, అప్పటికే ఛాతీ నొప్పితో ఉన్నవాళ్లు.

2. మనసులో ఉంచుకోవాల్సిన కొలతలు

రొమ్ము ఎముక పొట్టి పిడికత్తిలా ఉంటుంది. పైన వెడల్పైన పిడి మాన్యూబ్రియం, మధ్యలో పొడవాటి బద్ద బాడీ, కింద చిన్న మొన జిఫాయిడ్. పెద్దవాళ్లలో మొత్తం పొడవు సుమారు 15 నుంచి 17 సెం.మీ. అందులో మాన్యూబ్రియం దాదాపు 5 సెం.మీ., బాడీ దాదాపు 10 సెం.మీ. జిఫాయిడ్ పొడవు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి దానికి అంకె పెట్టుకోకండి.

రెండు పక్కలా కలిసేవి ఇవి: పై మూలల్లో కాలర్ బోన్లు, అంచుల వెంట ఒక్కో వైపు ఏడు పక్కటెముకల మృదులాస్థులు. ఈ ఏడూ ఎక్కడ అతుక్కుంటాయో గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

- 1వది మాన్యూబ్రియం పక్కన, కాలర్ బోన్ కీలు కిందే
- 2వది మాన్యూబ్రియం, బాడీ కలిసే చోట
- 3, 4, 5, 6 బాడీ అంచు వెంట
- 7వది బాడీ, జిఫాయిడ్ కలిసే చోట

8, 9, 10 రొమ్ము ఎముకను నేరుగా తాకవు. వాటి మృదులాస్థులు సాధారణంగా పై వాటిని పట్టుకుని వేలాడతాయి. 11, 12 ముందుకే రావు.

3. గొంతు గుంట దగ్గర మొదలుపెట్టండి

చూపుడు వేలిని గొంతు మధ్య నుంచి మెల్లగా కిందికి జార్చండి. రెండు కాలర్ బోన్ల లోపలి కొనల మధ్య వేలు ఒక గుంటలోకి దిగుతుంది. ఆ గుంట అడుగున తగిలే గట్టి అంచే మాన్యూబ్రియం పై అంచు. అక్కడ అడ్డంగా ఒక గీత గీయండి.

గుంటలో వేలిని వెనక్కి నొక్కకండి. వెనక ఉన్నది శ్వాసనాళం. కొంచెం నొక్కినా దగ్గు వస్తుంది, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. వేలిని కిందికి, ఎముక అంచు మీదికి వంచితే చాలు.

గుంట ఎంత లోతుగా అనిపిస్తుందన్నది కాలర్ బోన్ కొనలు ఎంత పైకి పొడుచుకొచ్చాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కొందరిలో ఒక వైపు కొన ఎక్కువ ఎత్తుగా ఉంటుంది. నొప్పి, వాపు లేకపోతే అది మామూలే.

ఇప్పుడు ముఖాన్ని ఎడమకు తిప్పి, గడ్డం పక్కన చెయ్యి అడ్డం పెట్టి, చెయ్యిని నెడుతున్నట్టు బలం పెట్టండి. మెడ కుడి వైపున ఒక తాడు లేచి, గుంట పక్కనే మాన్యూబ్రియం మీద దిగుతుంది. అది స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ కండరం. ముఖం ఎటు తిరిగితే దానికి ఎదుటి వైపు కండరం లేస్తుంది. మొదట్లో చాలామంది తిరిగిన వైపే వెతుకుతారు.

4. కాలర్ బోన్ కీలు

గుంట పక్కనున్న కాలర్ బోన్ కొన మీద వేలు ఉంచి అదే వైపు భుజాన్ని పైకి, కిందికి, ముందుకు, వెనక్కి కదపండి. వేలి కింద కదలిక తెలుస్తుంది. మొండెం ఎముకల చట్రానికీ చేతికీ మధ్య ఉన్న ఎముకల కీలు ఇదొక్కటే. వెనక రెక్క ఎముకను పట్టి ఉంచేవి కండరాలు మాత్రమే.

చిన్న కీలే అయినా లోపల ఒక మృదులాస్థి బిళ్ల, చుట్టూ బలమైన స్నాయువులు ఉంటాయి. అందుకే ఇది సులభంగా తప్పదు. తప్పితే ఎక్కువగా ముందుకే తప్పుతుంది. వెనక్కి తప్పడం అరుదు, కానీ శ్వాసనాళాన్నీ పెద్ద రక్తనాళాలనీ నొక్కేయగలదు కాబట్టి అదే ప్రమాదం.

5. స్టెర్నల్ యాంగిల్: మొత్తం పాఠానికి తాళంచెవి

ఈ మెట్టు మీద తొందరపడకండి. మిగతావన్నీ దీని మీదే నిలబడ్డాయి. మాన్యూబ్రియం, బాడీ ఒకే చదునులో ఉండవు. రెండూ కలిసే చోట ఎముక కొంచెం ముందుకు వంగి అడ్డంగా ఒక గట్టులా తగులుతుంది. దానినే లూయీ కోణం అని కూడా అంటారు.

1. గొంతు గుంట అంచు మీద గీసిన గీత దగ్గర రెండు వేళ్లు పెట్టండి.
2. సరిగ్గా మధ్య గీత వెంట కిందికి జార్చండి. చర్మం మీద వేళ్లు జారకూడదు, చర్మంతో సహా కదలాలి.
3. సుమారు 4, 5 సెం.మీ. దిగాక అడ్డంగా ఒక గట్టు తగులుతుంది.
4. వేళ్లను గట్టు మీదుగా పైకీ కిందికీ దాటించి చూడండి. రెండు వైపులా వాలు తెలిస్తే సరైన చోటే ఉన్నారు.
5. గట్టు మీద అడ్డగీత గీయండి.

దొరకలేదా? గట్టు మరీ పల్చగా ఉండేవాళ్లు చాలామందే. ఈ కిటుకులు వరసగా ప్రయత్నించండి.

మొదట వేగం తగ్గించండి. గబగబా జార్చే వేలికి చిన్న వంపు అందదు. తర్వాత అద్దం ముందు పక్కకు తిరిగి, భుజాలు వెనక్కి లాగి, పక్క వెలుతురులో చూడండి. చేతికి అందని గట్టు కొన్నిసార్లు కంటికి అందుతుంది. అప్పటికీ లేకపోతే పక్క దారిలో రండి. కాలర్ బోన్ కింద, రొమ్ము ఎముక అంచుకు దగ్గరగా స్పష్టంగా తగిలే మొదటి పక్కటెముక సాధారణంగా రెండోది. దాని వెంట లోపలికి వస్తే అది కలిసే చోటే గట్టు ఉంటుంది.

ఇంత శ్రద్ధ ఎందుకంటే ఈ ఒక్క గీతతో చాలా సంగతులు ఒకేసారి దొరుకుతాయి. దీని పక్కన రెండో పక్కటెముక. దీని నుంచి వెనక్కి అడ్డంగా ఒక పలక దూర్చినట్టు ఊహిస్తే అది నాలుగు, ఐదో ఛాతీ వెన్నుపూసల మధ్య బిళ్లను తాకుతుంది. శ్వాసనాళం రెండుగా చీలేది ఇంచుమించు ఆ మట్టంలోనే. బృహద్ధమని వంపు మొదలయ్యేదీ, ముగిసేదీ అక్కడే. మెడ సిర ఒత్తిడి చూసేటప్పుడు డాక్టర్లు కొలత మొదలుపెట్టేది కూడా ఈ గట్టు నుంచే. గుండె కుడి పై గది, అంటే కుడి కర్ణిక, దీనికి సుమారు 5 సెం.మీ. కింద ఉన్నట్టు లెక్కగట్టి ఆ అంకెను కలుపుతారు. ఈ మట్టాలు ఊపిరితో, భంగిమతో కొంచెం అటూ ఇటూ అవుతాయి. మిల్లీమీటర్ల కోసం గొడవపడకండి.

6. పక్కటెముకలు లెక్కపెట్టడం

లెక్క ఎప్పుడూ రెండు నుంచే. మొదటి పక్కటెముక చాలావరకు కాలర్ బోన్ చాటున ఉంటుంది, చేతికి దొరకదు. ఒకటి నుంచి మొదలుపెట్టాలని పట్టుబట్టినవాళ్లు దొరికిన రెండోదాన్నే ఒకటి అనుకుంటారు. అక్కడి నుంచి అన్నీ ఒక అంకె తప్పు.

1. స్టెర్నల్ యాంగిల్ మీద ఒక వేలు ఉంచి, అదే మట్టంలో పక్కకు జరపండి. తగిలే గట్టి బద్ద రెండో పక్కటెముక మృదులాస్థి. దాని మీద 2 అని రాయండి.
2. అక్కడి నుంచి కిందికి దింపండి. వేలు మెత్తటి సందులో పడుతుంది. ఇది రెండో సందు.
3. మొదటి వేలిని రెండో పక్కటెముక మీదే ఉంచి, ఇంకో వేలితో తర్వాతి గట్టి బద్దను వెతకండి. అది మూడోది.
4. ఇప్పుడు పై వేలిని మూడోదాని మీదికి తెచ్చి ఇదే పని మళ్లీ చేయండి. ఒక వేలు ఎప్పుడూ తెలిసిన ఎముక మీద ఉండాలి. రెండు వేళ్లూ ఒకేసారి ఎత్తారా, లెక్క పోయినట్టే.
5. కిందికి వెళ్లేకొద్దీ రొమ్ము ఎముక అంచుకు దూరంగా, ఏటవాలుగా బయటికి జరగండి.

ఐదో అంశాన్ని చాలామంది పట్టించుకోరు. 5, 6, 7 మృదులాస్థులు పైకి వంగి వచ్చి రొమ్ము ఎముక పక్కన దగ్గర దగ్గరగా ఇరుక్కుంటాయి. అంచు వెంటే దిగితే వాటి మధ్య సందు వేలికి అందదు, రెండు ఎముకలు ఒకటిగా అనిపిస్తాయి. కొంచెం బయటికి వస్తే సందులు విడివిడిగా తెలుస్తాయి.

సందుకు అంకె దాని పైనున్న పక్కటెముకదే. నాలుగో సందు అంటే నాలుగో పక్కటెముక కిందది. పరీక్షల్లో, వార్డులో ఎక్కువ తికమక ఇక్కడే.

ఇంకో మాట. చనుమొనలను గుర్తుగా పెట్టుకుని లెక్కపెట్టకండి. మగవాళ్లలో అవి నాలుగో సందు దగ్గర ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆడవాళ్లలో అసలు నమ్మకం లేదు.

అరుదుగా కొందరిలో గట్టు దగ్గర కలిసేది మూడో పక్కటెముక అవుతుంది. మీ లెక్క ఎన్నిసార్లు చేసినా పొంతన కుదరకపోతే, అది గుర్తుంచుకుని మరో మనిషి మీద ప్రయత్నించండి.

7. బాడీ

స్టెర్నల్ యాంగిల్ నుంచి కిందికి రండి. రెండు చూపుడు వేళ్లను మధ్య గీతకు అటూ ఇటూ పెట్టి, నెమ్మదిగా దూరం జరపండి. గట్టి చదును అయిపోయి మెత్తబడే చోటే అంచు. మూడు నాలుగు చోట్ల చుక్కలు పెట్టి కలపండి. బాడీ పై భాగం కంటే కింది భాగం కొంచెం వెడల్పుగా ఉన్నట్టు మీ గీతల్లోనే కనబడుతుంది.

కండ పుష్టిగా ఉన్నవాళ్లలో అంచు దొరకడం కష్టం. పెక్టొరాలిస్ మేజర్ కండరాలు రెండు వైపుల నుంచీ వచ్చి దాదాపు మధ్య గీత దగ్గర కలుసుకుంటాయి. రెండు అరచేతులూ ఎదురెదురుగా నొక్కించి ఆ కండరం ఎక్కడ ఆగుతుందో చూడండి. తర్వాత చేతులు వదిలేయించి ఎముకను వెతకండి.

అరచేతిని బాడీ మీద ఉంచి గట్టిగా ఊపిరి పీల్చండి. ఎముక పైకీ ముందుకూ లేస్తుంది. ఇది పక్కటెముకలన్నీ కలిసి ఎత్తుతున్న కదలిక. పక్కటెముకలు వెనక ఎత్తుగా, ముందు పల్లంగా ఏటవాలుగా ఉంటాయి కాబట్టి వాటి ముందు కొన లేస్తే రొమ్ము ఎముక ముందుకు రావాల్సిందే. అరచేయి కదలకుండా పొట్ట మాత్రమే లేస్తుంటే మీరు డయాఫ్రంతోనే, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న కండరంతోనే, ఊపిరి తీస్తున్నారు. అదీ మంచిదే, కానీ ఈ పరీక్షకు పనికిరాదు.

చిన్నపిల్లల్లో బాడీ ఒకే ముక్క కాదు. నాలుగు ముక్కలుగా ఉండి, కింది నుంచి పైకి ఒక్కొక్కటే అతుక్కుంటూ 25 ఏళ్లు వచ్చేసరికి ఒకటవుతుంది. ఎండు ఎముక మీద కనిపించే మూడు అడ్డగీతలు ఆ అతుకులే. చర్మం మీద నుంచి అవి తెలియవు, వెతికి టైమ్ వృథా చేసుకోకండి.

8. జిఫాయిడ్

రెండు వైపులా పక్కటెముకల కింది అంచుల వెంట వేళ్లను లోపలికి, పైకి తీసుకురండి. రెండూ కలిసే మూలలో ఒక పల్లం ఉంటుంది. వేలి మెత్తతో అక్కడ చాలా తేలిగ్గా తడమండి. బాడీ కింది కొన, దాని కింద కొంచెం లోపలికి జిఫాయిడ్ తగులుతాయి. బాడీ, జిఫాయిడ్ కలిసే గీత తొమ్మిదో ఛాతీ వెన్నుపూస మట్టంలో ఉంటుంది.

జిఫాయిడ్ కుర్రవయసులో మృదులాస్థే. 40 ఏళ్ల ప్రాంతంలో ఎముకగా మారడం కనిపిస్తుంది. ఆకారం కూడా నియమం ప్రకారం ఉండదు. కొందరిలో రెండుగా చీలి ఉంటుంది, కొందరిలో మధ్యలో చిల్లు ఉంటుంది, ఇంకొందరిలో ముందుకు వంగి ఉంటుంది.

ఈ ముందుకు వంగిన రకం చాలామందికి టెన్షన్ తెస్తుంది. బరువు తగ్గాక ఒకరోజు పొట్ట పైన గట్టి బొడిపె తగిలి, గడ్డేమోనని భయపడి వస్తారు. సరిగ్గా మధ్యలో, ఎముకకు అతుక్కుని, ఎన్నాళ్లు చూసినా పెరగకుండా ఉంటే అది ఎక్కువగా జిఫాయిడే. అయినా ఒకసారి డాక్టరుకు చూపించి నిర్ధారించుకోవడంలో తప్పు లేదు. రోజూ నొక్కి నొక్కి చూసుకోవడం మాత్రం మానేయండి. దానివల్లే అక్కడ నొప్పి పుడుతుంది.

9. వెనక ఏముందో ఛాతీ మీద గీయండి

ఇక్కడిదాకా గీసిన గీతలతో గుండె హద్దులు గీయొచ్చు. నాలుగు చుక్కలు చాలు.

- ఎడమ రెండో మృదులాస్థి కింది అంచు దగ్గర, రొమ్ము ఎముకకు సుమారు 1 సెం.మీ. దూరంలో
- కుడి మూడో మృదులాస్థి పై అంచు దగ్గర, అంతే దూరంలో
- కుడి ఆరో మృదులాస్థి దగ్గర, అంతే దూరంలో
- ఎడమ ఐదో సందులో, మధ్య గీతకు సుమారు 9 సెం.మీ. దూరంలో

వీటిని కొంచెం వంపు గీతలతో కలపండి. గుండె ఎడమ వైపు ఉంటుందని అందరూ అంటారు గానీ, బొమ్మ పూర్తయ్యాక చూస్తే కొంత భాగం రొమ్ము ఎముక వెనక, కొంచెం దానికి కుడి వైపున కూడా ఉంటుంది. ఎముకకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది గుండె కుడి కింది గది, అంటే కుడి జఠరిక. మాన్యూబ్రియం వెనక బృహద్ధమని వంపు, దాని కొమ్మల ముందు నుంచి అడ్డంగా పోయే పెద్ద సిర ఉంటాయి.

ఇంకొక గీత గీయండి: రొమ్ము ఎముక అంచుకు రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు దూరంలో, లోపలి వైపున, నిలువుగా ఒక ధమని దిగుతుంది. ఇంటర్నల్ థొరాసిక్ ధమని. బైపాస్ ఆపరేషన్లలో గుండెకు కలపడానికి ఎక్కువగా వాడేది ఎడమ వైపు దాన్నే. అంచు పక్కన సూది గుచ్చేవాళ్లు దీన్ని మరిచిపోకూడదు.

10. నేర్చుకున్నది వాడటం

సీపీఆర్‌లో (గుండె ఆగిపోయినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్సలో) అరచేతి మడమ పెట్టాల్సింది రొమ్ము ఎముక కింది సగం మీద. పెద్దవాళ్లకు 5 సెం.మీ.కు తగ్గకుండా, 6 సెం.మీ. దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచే వరకు బరువు వదలాలి. జిఫాయిడ్ మీద చెయ్యి పడితే కింద ఉన్న కాలేయానికి దెబ్బ తగలొచ్చు. నిజంగా మనిషి పడిపోయినప్పుడు గుంటలు, గట్లు వెతుకుతూ కూర్చోకండి. ఛాతీ మధ్యలో చెయ్యి పెట్టి మొదలుపెట్టాలి. ఈ పాఠం చేతికి ఆ చోటు అలవాటు చేయడానికే. నొక్కడం మాత్రం శిక్షణలో బొమ్మ మీద నేర్చుకోవాలి, బతికున్న మనిషి మీద ప్రాక్టీస్ చేయకూడదు.

ఈసీజీ తీసేటప్పుడు ఛాతీ మీద అంటించే ఎలక్ట్రోడ్లలో వి1 నాలుగో సందులో రొమ్ము ఎముకకు కుడి అంచున, వి2 అదే సందులో ఎడమ అంచున పెట్టాలి. వి4 ఐదో సందులో, ఎడమ కాలర్ బోన్ మధ్య నుంచి దిగే గీత మీద. వి3 పెట్టేది వి2కూ వి4కూ నడుమ. తొందరలో వి1, వి2 రెండో సందులోనో మూడో సందులోనో పెట్టేయడం తరచూ జరిగే తప్పు. దానివల్ల ఈసీజీలో లేని జబ్బు ఉన్నట్టు కనబడొచ్చు. గట్టు నుంచి లెక్కపెట్టే అలవాటు ఉంటే ఆ తప్పు జరగదు.

స్టెతస్కోప్‌కు: కుడి రెండో సందు బృహద్ధమని కవాటానికి, ఎడమ రెండో సందు పుపుస ధమని కవాటానికి, కింది భాగంలో ఎడమ అంచు ట్రైకస్పిడ్‌కు, ఎడమ ఐదో సందు మైట్రల్‌కు. కవాటాలు సరిగ్గా ఆ చోట్ల ఉంటాయని కాదు, వాటి చప్పుడు అక్కడ బాగా వినిపిస్తుందని.

11. ఎక్కడ తప్పుతారు, ఎలా సరిచేసుకోవాలి

*లెక్క కుడి, ఎడమల్లో వేరువేరుగా వస్తోంది.* ఒక వైపు సందును దాటేసి ఉంటారు. రెండు వైపులా రెండో పక్కటెముక నుంచి ఒకేసారి, రెండు చేతులతో దిగండి.

*గట్టు రెండు చోట్ల తగులుతోంది.* గొంతు గుంట నుంచి టేపుతో కొలవండి. 5 సెం.మీ. ప్రాంతంలో ఉన్నదాన్నే తీసుకోండి. దాని పక్కన మృదులాస్థి కలుస్తోందో లేదో చూడండి. పక్కన ఏమీ కలవకపోతే అది గట్టు కాదు.

*జిఫాయిడ్ దొరకడం లేదు.* మోకాళ్లు మడిచి పడుకోండి. పొట్ట కండరాలు వదులవుతాయి. అయినా దొరకకపోతే వదిలేయండి. పక్కటెముకల అంచులు కలిసే మూల దొరికితే మీ పని జరుగుతుంది.

*కొవ్వు ఎక్కువగా ఉండి ఏమీ తెలియడం లేదు.* మధ్య గీత మీద కొవ్వు తక్కువగానే ఉంటుంది. గొంతు గుంట, గట్టు దాదాపు అందరిలో దొరుకుతాయి. ఆ రెండూ పట్టుకుని మిగతావి టేపుతో అంచనా వేయండి.

12. ఏది మామూలు తేడా, ఏది డాక్టరుకు చూపించాలి

ఛాతీ మధ్యలో లోపలికి గుంటపడినట్టు ఉండటం, లేదా ముందుకు పొడుచుకు రావడం పుట్టుకతోనో ఎదిగే వయసులోనో వచ్చే ఆకార భేదాలు. తేలికగా ఉంటే ఇబ్బంది ఉండదు. ఆయాసం ఉన్నా, ఎదిగే పిల్లల్లో త్వరగా పెరుగుతున్నా చూపించాలి. ఒళ్లు విరుచుకున్నప్పుడు మధ్యలో టిక్కుమనడం, నొప్పి లేకపోతే, పట్టించుకోవాల్సిన విషయం కాదు.

కొందరి బాడీలో, కింది భాగంలో, పుట్టుకతోనే ఒక చిల్లు ఉంటుంది. పైన కణజాలం కప్పి ఉంటుంది కాబట్టి తడిమితే తెలియదు. ఎముక మజ్జ తీసేవాళ్లు, ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. వెనక ఉన్నది గుండె.

నొక్కితే మృదులాస్థి దగ్గర నొప్పి పుట్టడం ఎక్కువగా అక్కడి వాపు వల్లే. కాని ఇక్కడ ఒక ప్రమాదకరమైన నమ్మకం ఉంది: నొక్కితే నొప్పి వచ్చింది కాబట్టి గుండె జబ్బు కాదని. అలా తేల్చేయడానికి వీల్లేదు. కింది వాటిలో ఏది ఉన్నా తడమడం ఆపి వెంటనే అత్యవసర సహాయం పిలవండి.

- ఛాతీ మీద బరువు పెట్టినట్టు, బిగించినట్టు ఉండటం
- నొప్పి చేతికి, దవడకు, వీపుకు పాకడం
- చెమటలు, వాంతి వచ్చేలా ఉండటం, స్పృహ తప్పేలా ఉండటం
- కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం

దెబ్బ తగిలాక రొమ్ము ఎముక మీద ఒక చోట నొక్కితే తీవ్రంగా నొప్పి ఉంటే విరిగి ఉండొచ్చు. ఈ ఎముక విరగాలంటే గట్టి దెబ్బే తగలాలి కాబట్టి లోపల గుండె, ఊపిరితిత్తులు కూడా చూపించుకోవాలి. గుండె ఆపరేషన్ తర్వాత కోసిన చోట ఎముక కదులుతున్నట్టు ఉన్నా, చీము వచ్చినా, జ్వరం ఉన్నా ఆపరేషన్ చేసినవాళ్లకు ఆలస్యం చేయకుండా చెప్పాలి.

13. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

గీతలన్నీ కడిగేయండి. మర్నాడు కళ్లు మూసుకుని, పెన్సిల్ లేకుండా ఇవి చేయండి. ఎవరైనా పక్కన ఉండి చూస్తే ఇంకా మంచిది.

- గొంతు గుంట అంచును ఒక్క వేలితో చూపించడం
- ఎడమ కాలర్ బోన్ కీలును కదిపి చూపించడం
- స్టెర్నల్ యాంగిల్ మీద వేలు ఆపడం
- కుడి రెండో సందు, ఎడమ నాలుగో సందు, ఎడమ ఐదో సందు
- బాడీ కింది సగం మీద అరచేతి మడమ ఆనించడం, నొక్కకుండా
- బాడీ, జిఫాయిడ్ కలిసే గీత

మూడోది తప్పితే ఐదో మెట్టుకు వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. కింద చేసినవన్నీ కూడా తప్పే అయి ఉంటాయి. నాలుగోది మాత్రమే తప్పితే ఆరో మెట్టు ఒక్కటి చాలు, ఈసారి అంచుకు దూరంగా దిగండి. అన్నీ సరిగ్గా వస్తే వేరే ఒంటితీరు ఉన్న మరో ఇద్దరి మీద, వాళ్లను అడిగి, ఇదే చేయండి.